మసకలో మాయమైన కుంట

పిట్ట ఫొటో ఎలా ఉండాలంటే ఇప్పుడు అందరిదీ ఒకటే మాట. కంట్లో మెరుపు పడాలి, ఈక ఈకా విడివిడిగా కనబడాలి, వెనకంతా పట్టుచీర పరిచినట్టు మసకగా ఉండాలి. అలాంటి ఫొటోలు చూసి జనానికి పక్షుల మీద ప్రేమ పుడుతుందట, ఆ ప్రేమే కుంటల్ని కాపాడుతుందట. నేను ఒప్పుకోను. ఆ మసకలో ముందుగా పోయేది కుంటే.

శామీర్‌పేట మండలంలోని లాల్‌గడి మలక్‌పేట్ సంగతే చూద్దాం. ఒకవైపు జీనోమ్ వ్యాలీ కంపెనీలు, ఇంకోవైపు వెంచర్ల హద్దురాళ్లు. మిగిలిన పొలాల మధ్య కుంటలు. అలాంటి కుంట అంచున గుడ్డికొంగ కదలకుండా నిలబడి ఉంటే, పొడవాటి లెన్స్‌తో దగ్గరికి లాగి తీస్తారు. బాగానే వస్తుంది. కానీ అది ఇక్కడ తీశారో, కొల్లేరులో తీశారో, భరత్‌పూర్‌లో తీశారో ఎవరూ చెప్పలేరు. రేపు ఆ కుంటను మట్టి పోసి పూడిస్తే, ఇక్కడ నీళ్లుండేవని చెప్పడానికి ఆ ఫొటో పనికిరాదు.

సాక్ష్యం అవసరం మామూలుది కాదు. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు సాగునీటి కోసమే కట్టినవాటిని నిర్వచనంలోంచే తప్పించాయి. తెలంగాణ కుంటల్లో చాలావరకు అవే. అదే ఏడాది సుప్రీంకోర్టు కాపాడమన్న 2,01,503 చిత్తడి నేలలూ 2.25 హెక్టార్లకు పైబడినవే. ఐదున్నర ఎకరాలకు లోపున్న కుంట ఆ లెక్కలోకి రాదు. చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు, ఎఫ్‌టీఎల్, ఉంది కదా అంటారు. ఉంది, కానీ నీళ్లు ఎక్కడిదాకా వచ్చేవన్న దగ్గరే కదా తగాదా అంతా!

ఆ అంచు ఒకచోట నిలిచేది కూడా కాదు. చలికాలం పోతూండగా నీళ్లు వెనక్కి తగ్గి బురద బయటపడుతుంది. దారిన పోయేవాళ్లకు అది చచ్చిన కుంట. ఉత్తరాసియా నుంచి వచ్చిన ఉల్లంకులకు మాత్రం మేత అక్కడే, ఆ మెత్తని బురదలో ముక్కు దించి పురుగుల్ని ఏరుకుంటాయి. బురద ఫొటోకి లైకులు రావు. అందుకే సుందరీకరణ పేరుతో అంచంతా నిటారుగా చెక్కి, రాళ్లు పేర్చి, నడకదారి వేస్తుంటే కెమెరాలవాళ్లూ మెచ్చుకుంటారు.

ఈ దగ్గరి మోజు పిట్టకూ చేటే. తీతువు ఎండాకాలంలో కటిక నేల మీద గుడ్లు పెడుతుంది. పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి వాటిని చల్లబరుస్తుంది. పక్కన మనిషి తిష్ట వేస్తే అరుస్తూ చుట్టూ తిరుగుతుందే తప్ప గుడ్ల మీదికి రాదు. ఆ అరుపు కీడని పెద్దవాళ్లు భయపడేవారు. ఇప్పటివాళ్లకు అది యాక్షన్ షాట్.

1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసిన సలీం అలీ నమూనాలను తుపాకితోనే సేకరించాడు. ఇవాళ వింటే మనసు ఒప్పదు. అయినా అలాంటి నమూనాకు ఊరూ తేదీ రాసిన చీటీ ఉంటుంది. ప్రాణమున్న పిట్టను తీసిన మన ఫొటోకి అదీ ఉండదు.

దగ్గరి ఫొటో వద్దనడం లేదు. ఉల్లంకుల్లో ఏది ఏదో తేల్చాలంటే కాళ్ల రంగు, కంటిపై గీత కనబడాల్సిందే. ఆ తర్వాత వెనక్కి వచ్చి, సెల్‌ఫోన్‌తోనైనా సరే, గట్టూ తూమూ హద్దురాయీ కరెంటు స్తంభమూ పడేలా ఇంకోటి తీయాలి, తేదీతో సహా దాచాలి. ఫొటో పోటీలు పెట్టేవాళ్లు ఈ రెండోది లేకుండా ఎంట్రీ తీసుకోకూడదు.

చోటు బయటపెడితే వేటగాళ్లు వస్తారన్నది మిగిలిన అభ్యంతరం. గూడు జాడ దాచాల్సిందే, అందులో వాదన లేదు. కానీ ఆ చుట్టుపక్కల వల పట్టేవాడికి కుంట ఎక్కడుందో మన ఫొటో చూసి తెలియాల్సిన పనిలేదు. దాని పేరు దాస్తే కలిసొచ్చేది ప్లాట్లు వేసేవాళ్లకే.