ఒక్క అణువు, 76,000 కోట్లు

ఎనుమాముల మార్కెట్టులో అమ్ముడగు పత్తి యెచ్చటనో వస్త్రమై మరల మన యంగళ్లకు హెచ్చు వెలకు వచ్చుట కాశిబుగ్గ వారికి క్రొత్త గాదు. 1934లో వెలసిన ఆజంజాహీ మిల్లు ఈ దురవస్థను తీర్చునని మన పెద్దలు తలంచిరి. ఆ మిల్లు మూతపడినది. పత్తికి పట్టిన గతియే నేడు రసాయన విద్యకును పట్టుచున్నది. ఇచ్చట చదివిన యువజనులు పరదేశపు ప్రయోగశాలలలో పంట పండించుచున్నారు.

ఒకే అణువును విద్యుత్ పరికరముగా వాడు శాస్త్రమును గూర్చి మేము వ్రాయుచున్నాము. అణువనగానే బాంబును తలంచు పాఠకులు భయపడ నక్కరలేదు. ఇది చక్కెర అణువు, కర్పూరపు అణువు వంటి మాటయే. ఒక అణువు విద్యుత్తును ఒకే దిక్కునకు పోనిచ్చు కవాటము కాగలదని 1974లో అమెరికాలో అవిరామ్, రాట్నర్ అనువారు కాగితముపై చూపిరి. 1997లో రీడ్, టూర్ మొదలగువారు సన్నని బంగారు తీగెను సాగదీసి తెంచి, ఆ సందున గంధకము కొనలుగా గల బెంజీను అణువును నిలిపి, దానిగుండ పారు విద్యుత్తును కొలిచిరి. గంధకము బంగారమును గట్టిగా పట్టును. కిటుకంతయు నందే యున్నది. అయితే ఆ పట్టు ప్రతిమారును ఒకే తీరున నుండదు, కొలతయు మారుచుండును. అందువలన 2003లో షూ, టావో అనువారు బంగారు సూదిని బంగారు పలకకు తాకించి లాగుట వేలమారులు జరిపి లెక్క తేల్చిరి. ఈ చిక్కు నేటికిని పూర్తిగా వీడలేదు. ఏ అణువును సిలికానును త్రోసి దాని గద్దె నెక్కలేదు.

ఇది చూపి కొందరు పెద్దలు, ఫలములేని విద్య మనకేల యందురు. ఫలము ఇంకను ఎవ్వరికిని దక్కలేదు గనుకనే మనకు తావున్నదని మేమందుము. సిలికాను పందెమున మనము బయలుదేరునప్పటికే ఇతరులు గమ్యము చేరిరి. 2021లో కేంద్ర ప్రభుత్వము చిప్పుల పరిశ్రమకై 76,000 కోట్ల రూపాయలు ప్రకటించెను. మేము కాదనము, కూలికైనను పని దొరకును. కాని సాణందులో కార్ఖానా కట్టినది అమెరికా కంపెనీ. ధోలేరాలో టాటాలకు విద్య నరువిచ్చునది తైవాను కంపెనీ. అరువు విద్యతో నడచునది స్వదేశి యగునా?

1944లో మొదలైన రసాయన పరిశోధనశాల హైదరాబాదులో నున్నది. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన కళాశాల మన యూరనే జాతీయ సాంకేతిక విద్యాసంస్థ యైనది. 1976 నుండి కాకతీయ విశ్వవిద్యాలయము గలదు. అణువులను కూర్చు చేతులకు మనకు కొదువ లేదు. అదురులేని బల్లలు, మేలైన కొలత సాధనములు, పదేండ్లవరకు లాభమడుగని ధనము కావలెను.

ఆ మొత్తమున నూరవ వంతు, అనగా 760 కోట్లు, ఇట్టి మూల పరిశోధనకు దక్కునా? ఈ ప్రశ్నను మన పార్లమెంటు సభ్యులు సభలో వేసి, వచ్చిన జవాబును తెలుగున అచ్చొత్తించి కాశిబుగ్గ పఠనాలయమునకు పంపవలెను.