బయానా సొమ్ము కూడా అమానతే

హైదరాబాదులోని పెద్ద హోటళ్లలో దుబాయి ఫ్లాట్ల ప్రదర్శనలు తరచుగా జరుగుతుంటాయి. అలాంటి ఒక ప్రదర్శనలో, పదవీ విరమణ సొమ్ములోంచి రెండు లక్షల రూపాయలు బయానాగా చెల్లించిన ఒక ఉర్దూ ఉపాధ్యాయుడు ఇటీవల మా వద్దకు వచ్చారు. వడ్డీ ప్రసక్తి లేని హలాల్ పెట్టుబడి అనీ, వద్దనుకుంటే సొమ్ము తిరిగి ఇస్తామనీ ఆనాడు నమ్మబలికారట. నెల తిరగకముందే ఇంట్లో వైద్యం ఖర్చు వచ్చిపడి, ఆయన కొనుగోలు విరమించుకున్నారు. అప్పటినుంచి ఏడు నెలలుగా సంస్థ ఏజెంటును అడగమంటోంది, ఏజెంటు సంస్థను అడగమంటున్నాడు. ఇన్నాళ్లలో ఆయన ఒక్క ఉత్తరమైనా రాయలేదు. కారణం అడిగితే, "ఏజెంటు మన మస్జిదులో నమాజు చేసే మనిషే. పైగా నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది" అన్నారు.

ఈ మౌనమే అలాంటి సంస్థలకు అసలు పెట్టుబడి అని మేము భావిస్తున్నాము.

ధర్మం పేరు చెప్పి సొమ్ము తీసుకున్నవారిని ధర్మం ప్రకారమే నిలదీయవచ్చు. కొనుగోలుదారు విరమించుకుంటే బయానా అమ్మకందారుకే చెందుతుందనే ఒప్పందాన్ని ఫిఖ్‌హ్‌లో 'అర్బూన్' అంటారు. హంబలీ పండితులు దీనిని అనుమతించినా, హనఫీ, మాలికీ, షాఫయీ పండితులు అంగీకరించలేదు. ఇక అప్పు లావాదేవీలను కాగితంపై పెట్టాలనీ, సాక్షులను ఉంచుకోవాలనీ బఖరా సూరాలోని 282వ ఆయతు ఆదేశిస్తోంది. కాబట్టి మనవాడినైనా రసీదు అడగడం అవమానించడం కాదు.

చట్టం కూడా బాధితుణ్ణి పూర్తిగా ఒంటరిగా వదిలేయలేదు. దుబాయిలో నిర్మాణంలో ఉన్న ఫ్లాట్లకు కొనుగోలుదారులు కట్టే సొమ్ము ఆ ప్రాజెక్టు ఎస్క్రో ఖాతాలోనే జమ కావాలని అక్కడి 2007 నాటి 8వ నంబరు చట్టం చెబుతోంది. అమ్మకాన్ని తాత్కాలిక రిజిస్టరులో నమోదు చేయాలని 2008 నాటి 13వ నంబరు చట్టం నిర్దేశిస్తోంది. సొమ్ము ఏజెంటు సొంత ఖాతాకు వెళ్లి ఉంటే, ఆ బ్యాంకు పత్రమే మన మొదటి సాక్ష్యం. దానితో దుబాయి ల్యాండ్ డిపార్ట్‌మెంటుకు ఫిర్యాదు చేయవచ్చు.

మన దేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోని కమిషన్‌నే ఆశ్రయించవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే రుసుము లేదు. వివాద కారణం ఏర్పడిన రెండేళ్లలోగా వెళ్లాలి. సొమ్ము పుచ్చుకున్న స్థానిక ఏజెంటునూ ప్రతివాదిగా చేర్చాలి. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915. లాభానికి అమ్ముకోవడానికే కొన్నారని అవతలివారు అభ్యంతరం చెప్పవచ్చు. 'తిరిగి ఇవ్వబడదు' అన్న షరతుపై సంతకం ఉంటే పోరాటం కష్టమవుతుంది. అందుకే సంతకానికి ముందే ప్రతి పేజీ చదివించుకోవాలి.

మన తప్పులనూ ఒప్పుకోవాలి. రిజర్వు బ్యాంకు సరళీకృత విధానం కింద ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా బ్యాంకు ద్వారా విదేశాలకు చట్టబద్ధంగా పంపవచ్చు. ఆ దారి ఉండగా నగదుగానో హవాలాగానో ఇచ్చినవారు తర్వాత ఫిర్యాదు చేయడానికే భయపడతారు. ఆ భయం మోసగాడికి కవచమవుతుంది.

మస్జిదు కమిటీలకు మా విన్నపం ఒకటే. మస్జిదు ఆవరణలో, ఇఫ్తార్ విందుల్లో పెట్టుబడి ప్రచారాలకు చోటివ్వకండి. జుమా తర్వాత పది నిమిషాలు కేటాయించి, నష్టపోయినవారి కాగితాలు చూసి ఉత్తరం రాసిపెట్టే ఒక విద్యావంతుణ్ణి కూర్చోబెట్టండి. వడ్డీకి దూరంగా ఉండాలన్న పేదల, మధ్యతరగతి కుటుంబాల నిష్ఠను మరొకరు సరుకుగా మార్చుకోకుండా కాపాడటం సమాజం బాధ్యత.

ఆ ఉపాధ్యాయుని పక్షాన సంస్థకూ, ఏజెంటుకూ పదిహేను రోజుల గడువుతో రిజిస్టరు ఉత్తరాలు పంపించాము. పదకొండో రోజున ఏజెంటు స్వయంగా ఆయన ఇంటికి వచ్చి సగం ఇస్తానన్నాడు. మిగతా సగం కోసం జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు సిద్ధమవుతోంది. ఏడు నెలల ఫోన్లు సాధించలేనిదాన్ని రెండు ఉత్తరాలు కదిలించాయి. అమానత్‌ను అడిగి తీసుకోవడంలో పరువు పోదు, దాన్ని తిరిగి ఇవ్వనివాడికే పోవాలి.