రైడర్‌ను కొంటే దాడి వచ్చేయదు

ప్రో కబడ్డీ 10వ సీజన్ కోసం 2023లో జరిగిన వేలంలో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్ మీద 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలు పెట్టింది. ఒక్కో జట్టు ఖర్చు పెట్టగల సొమ్ము మొత్తం 5 కోట్లే. అందులో సగానికి పైగా ఒక్క రైడర్‌కే పోయింది. పవన్ తన పని తాను చేశాడు, ఆ సీజన్‌లో 200 రైడ్ పాయింట్లు దాటాడు. టైటాన్స్ మాత్రం 22 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి, పన్నెండు జట్లలో పన్నెండోదిగా మిగిలింది.

కొన్న ఆటగాడు ఆడక జట్టు ఓడిందంటే దురదృష్టం అని సరిపెట్టుకోవచ్చు. ఆ ఆటగాడు బాగా ఆడాక కూడా జట్టు అట్టడుగునే ఉంటే కొన్నవాళ్ల లెక్కలోనే తేడా ఉందన్నమాట. పైగా ఇది ఒక్కసారి జరిగింది కాదు. 2018లో రాహుల్ చౌదరిని నిలుపుకోవడానికి 1.29 కోట్లు. 2019లో ‘బాహుబలి’ అని అభిమానులు పిలుచుకునే సిద్ధార్థ్ దేశాయ్‌కి 1.45 కోట్లు, ఆ ఏటికి అదే అత్యధిక ధర. సిద్ధార్థ్ 217 రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు 11వ స్థానంలో ఆగింది. తర్వాతి మూడు సీజన్లలో 66 మ్యాచ్‌లు ఆడి టైటాన్స్ గెలిచినవి ఐదు.

ఎందుకిలా? కబడ్డీలో దాడి అంటే ఏమిటో వేలం గదిలో ఒకలా, మ్యాట్ మీద ఇంకోలా కనిపిస్తుంది. వేలం గదిలో దాడి అంటే రైడర్. తొడ కొట్టి, కూత అందుకుని, ముగ్గురిని తాకి వెనక్కి దూకేవాడు. టీవీలో పదేపదే చూపేది అతన్నే. మ్యాట్ మీద ఆటకు ఇంకో నియమం ఉంది. ఔటైన రైడర్ తనంతట తాను లోపలికి రాలేడు. అతని జట్టు ఎదుటివాళ్లలో ఒకరిని ఔట్ చేస్తేనే ఒకరు తిరిగి వస్తారు, అదీ ఔటైన వరసలో. బోనస్ పాయింటుకు ఎవరూ రారు. కాబట్టి కోట్ల రైడర్ పట్టుబడి బెంచీ మీద కూర్చున్నప్పుడు అతన్ని లేపేది రెండో రైడరో, కార్నర్‌లో మోకాళ్లు వంచి కాచుకున్న కుర్రాడో.

లెక్క వేసి చూద్దాం. మ్యాచ్ 40 నిమిషాలు. ఒక్కో కూతకు 30 సెకన్లు. రెండు జట్లూ సమయమంతా వాడుకుంటే ఒక్కో జట్టుకు దక్కేవి నలభై కూతలు. ప్రధాన రైడర్ పది నిమిషాలు బయట కూర్చుంటే అందులో పది అతను లేకుండానే గడిచిపోతాయి. ఆ పదింటికీ వెళ్లేవాడెవరు? ఆ మధ్యలో ఎదుటి జట్టు నుంచి వచ్చే పది కూతలను ఎవరు ఆపుతారు? జట్టు సత్తా తేలేది ఆ పది నిమిషాల్లో. టైటాన్స్ ఓటములు కూడా ఎక్కువగా అక్కడే తయారయ్యాయి. రైడర్ ఔట్, ఆ వెనకే ఒక్కొక్కరుగా మిగతావాళ్లు, చివరికి ఆలౌట్, ఎదుటివాళ్లకు అదనంగా రెండు పాయింట్లు. పవన్ తిరిగొచ్చేసరికి తేడా ఎనిమిదో పదో అయ్యుండేది. అప్పుడు అతను తొందరపడేవాడు. తొందరపడిన రైడర్‌ను పట్టడం ఏ డిఫెండర్‌కైనా సులువే.

ఇదే పవన్ 2018 సీజన్‌లో బెంగళూరు బుల్స్‌కు కప్పు తెచ్చాడు. గుజరాత్‌తో ఫైనల్లో ఒక్కడే 22 పాయింట్లు. స్టార్ రైడర్‌తో కప్పు రాదని ఎవరన్నారు అంటూ ఆ మ్యాచ్‌ను చూపించేవాళ్లున్నారు. అప్పుడు అతని పక్కన కెప్టెన్ రోహిత్ కుమార్ ఉన్నాడు, తనూ పేరున్న రైడరే. పవన్ బయట ఉన్నా బుల్స్ కూత ఆగలేదు. పైగా అప్పట్లో పవన్ ధర 52.8 లక్షలు, కాబట్టి మిగతా ఆరుగురికీ డబ్బు మిగిలింది. మరుసటి ఏడు అదే పవన్ అదే జట్టుకు 346 రైడ్ పాయింట్లు తెచ్చాడు. ఒక్క మ్యాచ్‌లోనే 39. అయినా బుల్స్ సెమీఫైనల్ దాటలేదు. రైడర్ మీద భారం పెరిగినకొద్దీ జట్టు ముందుకు పోతుందన్న నమ్మకం వీగిపోవడానికి ఆ రెండు సీజన్లూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే చాలు.

ఇంకా తేటగా చూడాలంటే 2022లోకి వెళ్లాలి. తమిళ్ తలైవాస్ 2.26 కోట్లకు పవన్‌ను తీసుకుంది. మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి అతని సీజన్ ముగిసింది. ఖర్చంతా నేలపాలైందనుకున్నారు. మొదటి సీజన్ ఆడుతున్న నరేందర్ అనే కుర్రాడు ఆ ఖాళీలోకి వచ్చి 240కి పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. వెనక సాగర్, సాహిల్ గులియా కార్నర్లలో నిలబడ్డారు. తలైవాస్ తన చరిత్రలో తొలిసారి సెమీఫైనల్‌కు వెళ్లింది. పవన్ ఆడి ఉంటే కప్పే వచ్చేదేమో, కాదనను. కానీ జట్టులో అత్యంత ఖరీదైన భాగం మొదటి రోజే ఊడిపోయినా మిగతాది నడిచిందంటే, నడిపించినది ఏమిటో వెతకాలి కదా. అంతకుముందు ఏడాది పట్నా పైరేట్స్‌దీ ఇలాంటి కథే. మూడు కప్పులు తెచ్చిన పర్దీప్ నర్వాల్ 1.65 కోట్లకు యూపీ యోధాకు పోయాడు. పట్నా కూతలను నలుగురైదుగురికి పంచి, షాద్లూయి అనే ఇరాన్ కుర్రాణ్ని కార్నర్‌లో నిలబెట్టింది. సెమీఫైనల్లో పర్దీప్ జట్టునే ఓడించి ఫైనల్‌కు వెళ్లి, ఢిల్లీ చేతిలో ఒక్క పాయింటుతో ఓడింది.

అలాగని ‘డిఫెన్స్ కొంటే సరి’ అని తీర్పు ఇచ్చేద్దామా? అదీ కుదరదు. 2022లో టైటాన్స్ ఆ పని కూడా చేసి చూసింది. సుర్జీత్ సింగ్, విశాల్ భరద్వాజ్, పర్వేశ్ భైంస్వాల్ అందరూ పేరున్న డిఫెండర్లే. ఆ సీజన్‌లోనూ రెండే విజయాలు, ఆఖరి స్థానం. కార్నర్ అడుగు వేయగానే కవర్ దూకాలి, ఒకడు మడమ పడితే ఇంకొకడు నడుం పట్టాలి. ఒక క్షణం ఆలస్యమైతే ఇద్దరూ ఔట్. ఈ అందిపుచ్చుకోవడం వేలంలో దొరికేది కాదు. ఏళ్ల తరబడి ఒకరి పక్కన ఒకరు ఆడితే వస్తుంది. 10వ సీజన్ గెలిచిన పుణేరి పల్టన్‌లో అస్లం ఇనాందార్, మోహిత్ గోయత్ రెండేళ్ల ముందు అదే జట్టులో కుర్రాళ్లుగా అడుగుపెట్టినవాళ్లు. 11వ సీజన్ గెలిచిన హర్యానా స్టీలర్స్ కూడా జైదీప్, రాహుల్ సేత్‌పాల్ జంటను చెదరనివ్వకుండా అట్టిపెట్టుకుంది. ఆ రెండు కప్పుల్లోనూ కోట్లు పలికింది డిఫెన్స్‌లో ఉన్న షాద్లూయి. హర్యానా రైడర్లు వినయ్, శివం పటారే కోట్ల మనుషులు కారు. ఇదే హర్యానా 2018లో మోనూ గోయత్‌ను అప్పటి రికార్డు ధర 1.51 కోట్లకు కొని తన జోన్‌లో ఆఖరున నిలిచిన జట్టు. ఒకసారి చేతులు కాల్చుకుని దారి మార్చింది. టైటాన్స్‌కు అదే పాఠం ఎక్కడానికి చాలా ఎక్కువ కాలం పట్టింది.

ఈ జబ్బు మన ఆటదే కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని చంకన పెట్టుకుని ఎదుటి గోడను చీల్చుకుంటూ పరుగెత్తేవాణ్ని రన్నింగ్ బ్యాక్ అంటారు, వాళ్ల రైడర్ అనుకోండి. అక్కడ కాలేజీ కుర్రాళ్లను తీసుకోవడానికి వేలం ఉండదు. కిందటేడు ఆఖరున నిలిచిన జట్టుకు ముందు ఎంచుకునే హక్కు ఇస్తారు. 2018లో న్యూయార్క్ జెయింట్స్ తనకు దక్కిన రెండో నంబరు ఎంపికను సేక్వాన్ బార్క్లీ అనే రన్నింగ్ బ్యాక్ మీద పెట్టింది. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లకు ఆ కథ బాగా తెలుసు, జెయింట్స్ మైదానం అక్కడే. బార్క్లీ ఆ ఏటి మేటి కొత్త ఆటగాడయ్యాడు. జట్టు 16 మ్యాచ్‌ల్లో ఐదు గెలిచింది, మరుసటి ఏడు నాలుగు. ముందు నిలబడి దారి చేసేవాళ్లు లేకపోతే ఎంత వేగంగా పరుగెత్తేవాడైనా గోడకు కొట్టుకుంటాడు. 2024లో అతను ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కు మారాడు. అక్కడ దారి చేసే వరస అప్పటికే లీగ్‌లో మేటి వరసల్లో ఒకటి. ఆ సీజన్‌లో 2,005 గజాలు పరుగెత్తాడు, ఈగిల్స్ సూపర్ బౌల్ గెలిచింది. అతను రెండుచోట్లా బాగానే ఆడాడు. వరసే మారింది.

మళ్లీ టైటాన్స్ దగ్గరికి. 2024లో క్రిషన్ కుమార్ హుడా కోచ్‌గా వచ్చాడు. 8వ సీజన్‌లో ఢిల్లీకి కప్పు తెచ్చిన మనిషి. ఆ ఏడు పవన్‌ను 1.725 కోట్లకు నిలుపుకున్నారు కానీ సీజన్ మధ్యలో గాయంతో అతను కొన్నాళ్లు దూరమయ్యాడు. అప్పుడు బరువెత్తుకున్నది 20 లక్షల విజయ్ మలిక్, ఇంకా ఆశిష్ నర్వాల్. జట్టు 12 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్‌కు ఒక్క మెట్టు కింద, 7వ స్థానంలో నిలిచింది. తర్వాతి వేలానికి టైటాన్స్ పవన్‌ను వదిలేసింది. నా దృష్టిలో ఆ జట్టు పన్నెండు సీజన్లలో చేసిన అత్యంత తెలివైన పని అదే. 81 లక్షలకు భరత్ హుడాను తీసుకుంది, విజయ్ మలిక్‌ను 51.5 లక్షలకు అట్టిపెట్టుకుని కెప్టెన్‌ను చేసింది. ఇద్దరికీ కలిపి పెట్టింది ఒకప్పుడు పవన్ ఒక్కడికి పెట్టినదానిలో దాదాపు సగం. 2025లో టైటాన్స్ రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లి పుణేరి చేతిలో 45-50తో ఓడింది. ఆ భరత్ ఒకప్పుడు బుల్స్‌లో పవన్ పక్కన రెండో రైడర్‌గా ఎదిగినవాడు.

ఆ భరత్‌ను బెంగళూరుకు దగ్గరగా ఉన్న హిందూపురంలో బుల్స్ రోజుల నుంచే ఎరుగుదురు. అక్కడి నుంచి బెంగళూరు కంఠీరవ స్టేడియం సుమారు వంద కిలోమీటర్లు, హైదరాబాద్‌లోని గచ్చిబౌలి స్టేడియం నాలుగు వందలు దాటుతుంది. పేరులో తెలుగు ఉన్నా టైటాన్స్ ఆ ఊరికి పరాయి జట్టులాగే ఉంటుంది. అందులో తెలుగు కుర్రాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా కనపడని సీజన్లున్నాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు మార్గం మీద వరసగా ఉన్న ఊళ్లు, 2022 నుంచి ఒకే శ్రీసత్యసాయి జిల్లా. చెడుగుడు తెలియని పల్లె ఈ పక్క లేదు. సంక్రాంతికీ తిరునాళ్లకూ పోటీలు పెట్టే ఊళ్లు బోలెడు. అయినా ఇక్కడి నుంచి ఆ మ్యాట్ దాకా దారి లేదు.

దారి లేకపోవడానికి మౌలిక వసతుల కొరత ఒక కారణమని అందరూ చెప్పేదే. మట్టి మీద వట్టికాళ్లతో ఆడిన కుర్రాడు మ్యాట్ మీద బూట్లతో మొదటిసారి ఆడితే అడుగులు తప్పుతాయి. మూడు ఊళ్లలో ఒక్కచోటైనా పైకప్పు కింద ఒక మ్యాట్ పరిచి, పొద్దునా సాయంత్రం పిల్లలకు వదిలేస్తే చాలు. అంతకన్నా పెద్ద స్టేడియం అక్కర్లేదు. 2023 డిసెంబరులో మొదలై మరుసటి ఫిబ్రవరిలో ముగిసిన ప్రభుత్వ క్రీడోత్సవం ‘ఆడుదాం ఆంధ్రా’ గ్రామ సచివాలయం స్థాయి నుంచి కబడ్డీ ఆడించింది. ఆలోచన మంచిదే. గెలిచినవాళ్లకు బహుమతులు ఇచ్చి ఫొటోలు తీశాక ఆ కుర్రాళ్లలో ఎక్కువమందిని పట్టించుకున్న దిక్కు లేదు.

రెండో కారణం గురించి ఎవరూ మాట్లాడరు. మనం జట్టును ఎంచుకునే పద్ధతే టైటాన్స్ పద్ధతి. వ్యాయామ ఉపాధ్యాయుడు వరసలో నిలబెట్టి ఎవడు వేగంగా పరుగెత్తితే వాణ్ని రైడర్ అంటాడు, మిగిలినవాళ్లతో ఆరు ఖాళీలు నింపుతాడు. తిరునాళ్ల పోటీల్లోనూ జనం ఈలలు వేసేది కూతకు వెళ్లేవాడికే. దాంతో ప్రతి కుర్రాడూ రైడర్ కావాలనుకుంటాడు, కార్నర్‌లో నిలబడమంటే చిన్నబుచ్చుకుంటాడు. మగ్గం మీద పడుగు సరిచూడకుండా జరీ బేరమాడితే ధర్మవరంలో ఎవరైనా నవ్వుతారు. మైదానంలో మాత్రం అదే చేస్తాం.

నన్నడిగితే ఈ మూడు ఊళ్లలో పద్నాలుగేళ్ల పిల్లలతో జట్టు కట్టేవాళ్లు మొదట రెండు కార్నర్లను జంటగా ఎంచాలి. ఒకే ఊరివాళ్లయితే మరీ మంచిది, బడి అయ్యాక కూడా కలిసి ఆడతారు. తర్వాత రెండో రైడర్. చావోరేవో కూతలకు వెళ్లి ఒక్క పాయింటుతో తిరిగొచ్చే ఓపికున్నవాడు కావాలి, వేగం లేకపోయినా పర్లేదు. మెరుపు రైడర్ ఆఖరున. వాడి కోసం వెతకనక్కర్లేదు, ఏ పల్లెలో పోటీ పెట్టినా వాడే కనపడతాడు. మూడేళ్లు ఆ ఏడుగురినీ విడదీయకూడదు. ప్రతి ఏటా ఎంపికలు పెట్టి జట్టును మొదటికి తేవడం మనకున్న పాడు అలవాటు.

టైటాన్స్ యాజమాన్యానికీ ఇందులో లాభముంది. వేలంలో పేరున్న కార్నర్ కోటి దాటుతున్నాడు, పద్దెనిమిదేళ్ల కొత్త కుర్రాడు చాలా తక్కువకు వస్తాడు. 2025 సీజన్ విశాఖలోనే మొదలైంది. అక్కడి అభిమానంలో కొంత రాయలసీమకూ తిప్పాలంటే ఒక ఎంపిక శిబిరం హిందూపురంలో పెట్టాలి, డిఫెండర్ల కోసమే పెట్టాలి. శిబిరాలు హైదరాబాద్, విశాఖలకే పరిమితమైతే ఇక్కడి కుర్రాడు పొద్దున రైలెక్కి బెంగళూరు వైపే పోతాడు, అక్కడ బుల్స్ వాళ్లు అతన్ని ఏ ఊరని కూడా అడగరు.