సింహశిరస్సుపై ధర్మచక్రం

ప్రజాభవనాలపై చెక్కిన శిల్పాలు కేవలం అలంకారాలు కావు. అధికారం తనను తాను ఏమని భావించుకుంటున్నదో అవి మౌనంగా ప్రకటిస్తాయి. అందుచేత వాటిని కనులతో మాత్రమే కాక వివేకంతోనూ దర్శించాలి.

2022 జూలై 11న న్యూఢిల్లీలోని నూతన సంసద్భవనంపై కాంస్య జాతీయచిహ్నం ఆవిష్కృతమైంది. దాని ఎత్తు 6.5 మీటర్లు, బరువు 9,500 కిలోలు. వెనువెంటనే వివాదం చెలరేగింది. సారనాథ సింహాలు ప్రశాంతగంభీరాలు, ఇవి కోరలు చూపే రౌద్రమూర్తులు అని కొందరు అన్నారు. పరిమాణం వల్ల, క్రింది నుండి చూడడం వల్ల అలా తోస్తున్నదని మరికొందరు సమాధానమిచ్చారు. చర్చ ప్రధానంగా సింహాల ముఖభంగిమ చుట్టూనే పరిభ్రమించింది. అంతకన్నా మౌలికమైన ప్రశ్న మరొకటి ఉన్నది: ఆ సింహాల శిరస్సులపై ఏమి ఉండేది?

1905లో సారనాథ త్రవ్వకాలలో లభించిన అశోకస్తంభశీర్షంలో నాలుగు సింహాలు వీపులు కలిపి నిలిచి ఉంటాయి. వాటి పాదాల క్రింది ఫలకంపై గజ వృషభ అశ్వ సింహాలు, వాటి నడుమ 24 ఆకుల చక్రాలు ఉన్నాయి. సింహాలకు పైన ఒక మహాచక్రం ఉండేది; అది భగ్నశకలాలుగానే దొరికింది. బుద్ధభగవానుని ధర్మచక్రప్రవర్తనానికి అది సంకేతం. 1950 జనవరి 26న స్వీకరించిన రాజచిహ్నంలో ఆ మహాచక్రం లేదు. సర్వోన్నత న్యాయస్థాన చిహ్నంలో మాత్రం అది సింహాలపైనే విరాజిల్లుతున్నది.

మూలశిల్పంలో సింహం స్వామి కాదు, వాహకం. బలం ఉన్నది ధర్మాన్ని మోయడానికే. బృహదారణ్యకోపనిషత్తు కూడా ఇదే తత్త్వాన్ని బోధించింది. క్షాత్రశక్తిని సృష్టించినా సృష్టికి పరిపూర్ణత కలుగలేదట; చివరకు ధర్మం సృష్టి అయింది. ఆ ధర్మమే క్షత్రానికి సైతం క్షత్రం, అనగా శాసకుని శాసించేది. దాని అండతోనే దుర్బలుడు బలవంతుని ఎదుట నిలువగలుగుతాడు.

ఇందుకు విరుద్ధమైన భావన కూడా ఆ నగరంలోనే శిలారూపంలో ఉన్నది. నేటి రాష్ట్రపతిభవన స్తంభశీర్షాలకు లుట్యెన్స్ రాతిఘంటలు అమర్చాడు. మ్రోగని గంటలు పాలనాంతాన్ని సూచించలేవన్న నమ్మకం వాటి వెనుక ఉన్నదని చెబుతారు. 1931లో ప్రారంభోత్సవం జరుపుకొన్న ఆ రాజధానిలో సామ్రాజ్యం 1947 దాటి నిలువలేదు. తనపై ఏదీ లేదనుకొన్న అధికారానికి గంటల మౌనం రక్ష కాలేకపోయింది.

జాతీయచిహ్నపు ఫలకంలో చక్రం ఉన్నది కదా, అది చాలదా అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. ఆ వాదంలో సత్యం లేకపోలేదు; ధర్మం పునాది కావలసిందే. అయితే పునాదిని మరచిపోవడం సులభం. శిరస్సుపై ఉన్న భారాన్ని మరువడం దుష్కరం. చిహ్నాన్ని మార్చవలసిన పనిలేదు. దాని నీడలో కూర్చుండి శాసనాలు చేసేవారు కంటికి కానరాని ఆ చక్రాన్ని తమ శిరస్సులపై భావించుకోవాలి. చూచే పౌరుడు సైతం సింహం ఎంత భీకరమని కాక, అది దేనిని మోస్తున్నదని అడగాలి.

ముముక్షువుకు ఈ ప్రశ్న అంతరంగంలోనూ వర్తిస్తుంది. నవద్వారపురమైన ఈ దేహంలో అహంకారమే సింహం. గృహంలో, ఉద్యోగంలో, ఆలయధర్మకర్తృత్వంలో ఏ కొద్దిపాటి అధికారం లభించినా అది గర్జిస్తుంది. ఆ సింహాన్ని చంపవలసిన అవసరం లేదు. దాని శిరస్సుపై ధర్మచక్రాన్ని ప్రతిష్ఠించాలి. అదే నిజమైన సాధన.