పాత నాణెం విలువ వయసులో లేదు

వంతెనతో పోర్టు బ్లెయిర్‌ను (2024 నుంచి శ్రీ విజయపురం) అంటిపెట్టుకుని ఉన్న చాతం దీవి పేరు వినగానే 1883 నాటి ప్రభుత్వ రంపపు మిల్లు గుర్తుకు రావడం సహజం. నాణేల సేకర్తలకు మాత్రం ఈ రేవు మరొక కారణంగా పరిచితం. 1858లో ఇక్కడ ఖైదీల వలస నెలకొన్న తర్వాత దాని అవసరాల కోసం రూపాయి విలువ గల రాగి టోకెన్లను ముద్రించారు. వాటిపై 1861, 1866 సంవత్సరాలు కనిపిస్తాయి. రూపాయంటే వెండి అయిన ఆ రోజుల్లో రాగి బిళ్లకు ఆ విలువ దక్కింది కేవలం సర్కారు మాట వల్లనే. నేడు వాటికి గిరాకీ ఉన్నది లోహం వల్ల కాదు, అరుదైనవి కావడం వల్ల.

నాణేనికి మూడు విలువలు ఉంటాయన్నది ఇందులోని పాఠం: ముఖవిలువ, లోహపు విలువ, సేకర్త ఇచ్చే విలువ. ఈ మూడింటినీ కలగాపులగం చేయడమే మోసగాళ్ల పెట్టుబడి. ఉదాహరణకు 1862 సంవత్సరం గల విక్టోరియా రూపాయిని తీసుకుందాం. ఆ తర్వాత కూడా పలు సంవత్సరాలపాటు అదే తేదీతో ముద్రణ సాగినందున అవి నేటికీ విరివిగా దొరుకుతున్నాయి. అందులోని దాదాపు 10.7 గ్రాముల వెండే సాధారణంగా దాని ధరకు ఆధారం. అంతకంటే ఎంతో ఆలస్యంగా వచ్చిన 1939 నాటి ఆరవ జార్జి వెండి రూపాయి మాత్రం అరుదు. కావున వయసొక్కటే కొలమానం కాదు. ఎన్ని మిగిలాయి, అరుగుదల ఎంత, ఏ టంకశాలది అన్నవే ప్రధానం. హైదరాబాదు ముద్రణపై నక్షత్రం, ముంబయి ముద్రణపై వజ్రం గుర్తు ఉంటాయి.

చలామణి కోసమే 2012లో విడుదలైన వైష్ణోదేవి నాణేలకు లక్షలు వస్తాయన్న ప్రచారం ఈ నేపథ్యంలోనే పుట్టింది. రిజర్వు బ్యాంకు పేరు, చిహ్నం వాడుకుని కమీషన్, పన్ను పేరిట ముందుగానే సొమ్ము గుంజుతున్నారని ఆ బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. అటువంటి లావాదేవీలతో తనకెట్టి ప్రమేయమూ లేదని, ఎవరికీ అధికారం ఇవ్వలేదని స్పష్టం చేసింది. అమ్మదలచినవాడే ఎదురు సొమ్ము చెల్లించవలసి వస్తే అది వ్యాపారం కాదు, వల.

చట్టాన్నీ విస్మరించరాదు. భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిధిని కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం నిర్దేశిస్తున్నది. వందేళ్లు దాటిన నాణేలను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడాన్ని 1972 నాటి పురావస్తు చట్టం నిషేధిస్తున్నది.

ఇక సామాన్యుడు చేయవలసింది స్వల్పమే. నాణేన్ని చింతపండుతో తోమరాదు. మెరుపు పెరిగి ధర తగ్గుతుంది. బరువు తూచి, గుర్తు చూసి, ఇద్దరు నిపుణులకైనా చూపాలి. అడిగిన ధరను కాక, వేలంలో వాస్తవంగా పలికిన ధరనే ప్రమాణంగా తీసుకోవాలి. అంతవరకు పెట్టెలోని నాణెం జ్ఞాపకమే గాని సంపద కాదు.