సంజీవయ్య పేరు మీద టిక్కెట్టు గేటా?



హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కు ఉంది. 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయిన దళిత బిడ్డ, దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య పేరది. 2016లో అక్కడ 291 అడుగుల స్తంభం మీద జాతీయ జెండా ఎగరేసిన్రు. జెండా దూరం నుంచి అందరికీ కనబడుతది. దాని కిందికి పోవాలంటే మాత్రం టిక్కెట్టు కొనాలె.

ఇది ఒక్క పార్కు ముచ్చట కాదు. పోయిన చలికాలం మా వాడ పిల్లల్ని ఒక పట్నంల సర్కారు పార్కుకు తోలుకపోయిన. గేటు కాడ మనిషికింత అని టిక్కెట్టు. లోపల రైలుబండికి వేరే, పడవకు వేరే. ఉచిత ఉయ్యాలలు రెండే, గొలుసులు తెగి ఉన్నయి. కాంట్రాక్టరు ఉయ్యాలలు రంగులతో మెరుస్తున్నయి. “సారూ, అవి ఎవరియి?” అని ఒక పిల్ల అడిగింది. ఏం చెప్పాలె?

‘పార్కును అమ్మలేదు గదా’ అంటరు. నిజమే, అమ్మరు. పార్కింగు ఒకనికి, క్యాంటీను ఒకనికి, ఆటల జాగ ఇంకొకనికి టెండరు ఇస్తరు. పైసలొచ్చే మూల పచ్చగుంటది, పైసలు రాని మూల ఎండిపోతది. భూమి సర్కారుది, లాభం కాంట్రాక్టరుది. చెత్త ఊడ్చే చీపురు మాత్రం మన ఆడోళ్ల చేతిల!

‘పైసలు లేకుంటే పార్కు ఎట్ల నడుస్తది?’ అని అడుగుతరు. అగ్గిపెట్టె కొన్నా, సబ్బు కొన్నా మనం పన్ను కడుతలేమా? ఆ పన్నుల మన పిల్లలకు ఒక ఉయ్యాల కూడా రాదా?

మహద్ చెరువు యాదికి తెచ్చుకోండి. 1924లో అక్కడి మునిసిపాలిటీ కాగితం మీద అందరికీ తెరిచింది. గట్టు మీద మాత్రం మనోళ్లను రానియ్యలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచిపోయి ఆ నీళ్లు తాగిండు. రాజ్యాంగం 15(2) అధికరణం బావులు, చెరువులు, రోడ్లతో పాటు సర్కారు సొమ్ముతో పూర్తిగా గానీ, కొంతగా గానీ నడిచే ప్రజా స్థలాల్లో కులం పేరుతో అడ్డం పెట్టరాదన్నది. టిక్కెట్టు కులం అడగదు, నిజమే. కానీ కూలి పైసలతో బతికేటోళ్లు ఎవరు? గేటు బయట మిగిలేది ఎవరు?

అందుకే ఊరూరా, పట్నం పట్నంలా మూడు అడుగుదాం. సర్కారు పార్కుకు ప్రవేశ రుసుము తియ్యాలె. ఉయ్యాల, తాగునీళ్లు, మరుగుదొడ్డి టెండరుకు పోరాదు. ఏ కాంట్రాక్టరుకు ఎంత జాగ, ఎన్నేండ్లకు, ఎంత పైసలకు ఇచ్చిన్రో గేటు మీద బోర్డు పెట్టాలె. పెట్టకుంటే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయండి. రాయరాకుంటే మీ ఊరి బడిపంతులు దగ్గరకు పోండి. మేం చదివిన చదువు అందుకే.

జై భీమ్!