టెండరులో మాయమైన రోస్టరు

డేటాబేస్‌కు కులం లేదని సాఫ్ట్‌వేర్ రంగం గర్వంగా చెప్పుకుంటుంది. నిజమే. కానీ ఆ డేటాబేస్ దగ్గరికి మనిషిని చేర్చే దారికి కులం ఉంది. అది కాంట్రాక్టు పద్ధతిలో మరింత భద్రంగా దాక్కుంటోంది.

1959లో పుట్టిన కోబాల్, 1983లో ఐబీఎం తెచ్చిన డీబీ2 నేటికీ ప్రపంచంలోని పెద్ద బ్యాంకుల, బీమా సంస్థల మెయిన్‌ఫ్రేముల్లో పనిచేస్తున్నాయి. వాటిని కనిపెట్టుకుని ఉండే ఇంజనీరు ఒప్పందం మాత్రం తరచూ ఆరు నెలలకో, ఏడాదికో ముగుస్తుంది. బ్యాంకు పనిని ఐటీ కంపెనీకి, ఆ కంపెనీ ఉప కాంట్రాక్టరుకు, అతడు మనుషులను సరఫరా చేసే ఏజెన్సీకి అప్పగిస్తారు. అర్ధరాత్రి బ్యాచ్ ఆగిపోతే లేచి సరిచేసేది చివరి మెట్టు మీద ఉన్నవాడే. జీతంలో వాటా మాత్రం పై మెట్లన్నింటిదీ.

ఈ విద్య చాలా కళాశాలల పాఠ్యప్రణాళికలో లేదు. వైటుకే రోజుల్లో అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్, డీబీ2 నేర్చుకుని ఎందరో అమెరికా వెళ్లారు. కోచింగ్ ఫీజు, నెలల తరబడి హాస్టల్ ఖర్చు, ముందే అక్కడ స్థిరపడిన బంధువు ఉన్నవారికి ఆ దారి సుగమమైంది. పొలం అమ్మి పంపగల కుటుంబానికీ, పొలమే లేని కుటుంబానికీ అది ఒకే దారి కాదు.

నా దగ్గర చదువుకున్న ఒక దళిత యువకుడు ఎనిమిదేళ్లుగా డీబీ2 నిర్వహణలో ఉన్నాడు. ఒప్పందం ముగిసిన ప్రతిసారీ కొత్త ఏజెన్సీ, కొత్త ఇంటర్వ్యూ. సాంకేతిక ప్రశ్నలయ్యాక ‘ఇంటిపేరేమిటి, ఏ ఊరు?’ అన్న ప్రశ్న వస్తుందట. ఆ తర్వాత కొన్నిచోట్ల నుంచి ఫోనే రాలేదు. కాదన్నది ఏజెన్సీయా, కంపెనీయా, బ్యాంకా? అతడు ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? ప్రైవేటు ఉద్యోగ దరఖాస్తులపై సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం, సమాన అర్హతలున్నా దళిత పేర్లకు పిలుపులు తక్కువని తేల్చింది. అక్కడ కనీసం పత్రికా ప్రకటన ఉంది. కాంట్రాక్టు కొలువుకు చాలాసార్లు తెలిసినవారి సిఫారసే ప్రకటన.

ప్రభుత్వం కూడా ఇదే బాట పట్టడం అసలు ప్రమాదం. కేంద్ర శాఖల్లో 45 రోజులు, అంతకు మించిన తాత్కాలిక నియామకాల్లోనూ రిజర్వేషన్లు పాటించాలన్న ఆదేశాలున్నాయి. అదే డేటాబేస్ పనిని ‘సేవ’ పేరిట టెండరు పిలిచి కంపెనీకి అప్పగిస్తే నియామకమే ఉండదు, పోస్టే ఉండదు, ఇక రోస్టరు ఎక్కడ? 16(4) అధికరణను ఎవరూ రద్దు చేయనక్కరలేదు. అది వర్తించే చోటును తగ్గిస్తూ పోతే చాలు.

కనుక ప్రభుత్వ సొమ్ముతో నడిచే ప్రతి ఐటీ టెండరులో రిజర్వేషన్ షరతు ఉండాలి. ఉప కాంట్రాక్టుల మెట్లకు పరిమితి విధించాలి. సిబ్బంది సామాజిక వివరాలను ఏటా వెల్లడించాలి. నోటిఫికేషన్ల కోసం వీధుల్లోకి వచ్చే విద్యార్థి సంఘాలు ఇకపై టెండరు పత్రాలనూ చదవాలి. మన వాటా ఇప్పుడు అక్కడే చేజారుతోంది.